ఆనందరహిత తనిఖీ

మా ఆఫీసులో నవ్వకూడదని ఏ రూల్లోనూ లేదండీ. మొన్నమొన్నటిదాకా లేదు. నవ్వొస్తే నవ్వుకునేవాళ్ళం, జీతాలు ఆలస్యమైన నెలలో కాస్త తక్కువ నవ్వుకునేవాళ్ళం, అంతే. ఆ తర్వాత మా జాయింట్ డైరెక్టరు గారు ఒక సర్క్యులర్ ఇచ్చారు. అదెందుకొచ్చిందో, దానివల్ల ఒక కోడిపెట్ట ఎంతమంది పెద్ద ఉద్యోగుల్ని ఇరకాటంలో పెట్టిందో చెప్తాను. మధ్యలో మీకు నవ్వొస్తే నా పూచీ లేదు.

నా పేరు తాళ్ళూరి అన్నమణి. రాష్ట్ర వైద్య ఉపకరణాల ప్రమాణీకరణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. పేరు పొడుగే గానీ మేం చేసే పని చిన్నది. సర్కారు ఆసుపత్రుల్లో వాడే వస్తువేదైనా, థర్మామీటరు దగ్గర్నుంచి చక్రాల కుర్చీ దాకా, ముందు మేం 'పనికొస్తుంది' అనాలి. మేం ఆ మాట అనేలోపు రోగి లేచి నడిచి వెళ్ళిపోయిన సందర్భాలున్నాయి. వాటిని కూడా మా ఖాతాలోనే వేసుకుంటాం.

ఒకరోజు పొద్దున్న, మా ఆఫీసులో ఇంకా ఫ్యాన్లు మాత్రమే పనిచేస్తున్న వేళ, ఆసుపత్రి ఫిజియోథెరపిస్టు కొల్లి సువార్త గబగబా లోపలికొచ్చింది. నాకు బాగా తెలిసిన పిల్ల, అక్కా అని పిలుస్తుంది. వెనకాల ముప్పయ్యేళ్ళు దాటిన ఒక మనిషి కుడిచెయ్యి పవిటలో దాచుకుని నిలబడింది.

"చెయ్యి చూపించు నూకరత్నం," అంది సువార్త.

చూపించింది. మణికట్టు విరిగి అతుక్కుంది. అతుక్కోవడం సరే, బొటనవేలూ పక్క రెండు వేళ్ళూ పుల్లల్లా బిగుసుకుపోయాయి. గుప్పెట మూయమంటే మూయలేదు. రేవులో పంటు పడవ దిగుతూ తడి బల్ల మీద కాలు జారిందట. ఊరు గోదావరి అవతల లంక, పని లేసు అల్లకం.

"సన్న సూది పట్టుకోవాలండి మేడంగారూ. ఇప్పుడు అన్నం ముద్దే పట్టుకోలేకపోతున్నాను," అంది. ఏడుస్తూ కాదు, మామూలుగా అంది. ఏడ్చేవాళ్ళని ఓదార్చడం నాకొచ్చు. ఇలా మామూలుగా చెప్పేవాళ్ళతోనే నాకు చావొచ్చి పడుతుంది.

"రబ్బరు బంతి పిసకమంటే నాలుగుసార్లు పిసికి, అమ్మో నొప్పి అని పారేస్తుందక్కా," అంది సువార్త. "మా హాల్లో టీవీకి తగిలించిన కన్సోలు ఉంది, ఎవరో విరాళంగా ఇచ్చింది. దాంట్లో కోడిగుడ్ల ఆట. ఆ రిమోటు చేతికిస్తే మాత్రం గంటసేపు బొటనవేళ్ళు ఆడిస్తూనే ఉంటుంది. నవ్వుకుంటూ నొప్పి సంగతే మర్చిపోతుంది. కానీ రోజూ పంటు దాటి, రెండు బస్సులు మారి మా హాలుకి ఎలా వస్తుంది చెప్పండి? వేసవి లోపల వేళ్ళు వంగకపోతే ఇంక వంగవని ఎముకల డాక్టరుగారు తేల్చేశారు."

"అయితే నన్నేం చెయ్యమంటావే?"

"స్టోర్లో చేతిలో పట్టుకుని ఆడే చిన్న గేములు పెట్టెడు పడున్నాయి. అవీ విరాళమే. ఒకటిచ్చి ఇంటికి పంపిస్తే చాలు. కాకపోతే ఆ కోడిగుడ్ల ఆట టీవీ కోసం చేసింది. దీని తెర బిస్కెట్టు ప్యాకెట్టంత, మీటలు వేరు. పెద్ద ఆటని ఈ చిన్నదానికి సరిపోయేలా మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఉచితమే. మూడు దొరికాయి. ఆదివారం ఇంట్లో కూర్చుని మూడింటితోనూ మార్చేశాను. పాకెట్ మిల్ అనేది బ్రహ్మాండంగా వచ్చింది. బుల్లిబాక్స్ అనేది కాస్త నెమ్మది, కానీ బాగానే ఉంది. స్క్వీజ్ మాస్టర్ అని మూడోది, అబ్బే, దాని మొహం. మీరు పాకెట్ మిల్‌కి ఊ అంటే ఇవాళే ఎక్కించి ఇచ్చేస్తాను."

పెన్ డ్రైవు నా బల్లమీద పెట్టింది. ఇదేం పని, మధ్యాహ్నానికి అయిపోతుంది అనుకున్నాను. ఇన్నేళ్ళ సర్వీసు తర్వాత కూడా అలా అనుకున్నానంటే, నా తెలివి ఎంతో మీరే చూడండి.

జాయింట్ డైరెక్టరు దెందుకూరి నరసరాజు గారు మంచి మనిషే. ఇంట్లో ఎలా మాట్లాడతారో తెలీదు గానీ, ఆఫీసులో మాత్రం మంచినీళ్ళు అడిగినా గెజిట్లో వేసినట్టు అడుగుతారు.

"అన్నమణి గారూ, తులనాత్మక పరిశీలన జరగకుండా ఏ ఉపకరణాన్నీ ప్రజాబాహుళ్యం చేతికి అప్పగించజాలము," అన్నారు.

"మూడూ పోల్చే చెప్తోందండి సువార్త."

"ఆవిడ పోల్చుట వేరు, మండలి పోల్చుట వేరు. సంఘం వేద్దాం."

సంఘం వేశారు. అధ్యక్షుడు ఆయన. సభ్యులు మా సూపరింటెండెంటు పాండురంగం గారు, ఆడిట్ నుంచి శేషావతారం గారు. కాగితాలు మొయ్యడానికి నేను. శేషావతారం గారి గురించి ఒక ముక్క చెప్పాలి. ఆ మనిషి నవ్వగా చూసినవాళ్ళు మా జిల్లాలో లేరు. కోపిష్టి కాదు పాపం, ఆ మొహం అలా కుదిరింది. పెళ్ళి ఫోటోలో కూడా పక్కనున్న పెళ్ళికూతుర్ని ఆడిట్ చేస్తున్నట్టే ఉంటారట.

మొదటి సమావేశం మొదలైన వెంటనే ఇబ్బంది వచ్చిపడింది. మూడు ఆటల్లో ఏది బాగుందో తెలియాలంటే ఆడి చూడాలి కదా. ఆఫీసులో ఆటలాడకూడదు. అదివరకెప్పుడో ఎవరో కంప్యూటర్లో పేకాడుతూ ఫోటోతో సహా పేపర్లో పడ్డారు. అప్పట్నుంచి 'విధినిర్వహణ వేళల్లో ఏ విధమైన ఆట ఆడినను దుష్ప్రవర్తనగా పరిగణించబడును' అని హెడ్డాఫీసు బోర్డు రాయించి పంపింది. అది సరిగ్గా నరసరాజు గారి నెత్తిమీదే వేలాడుతూ ఉంటుంది.

"ఆడకుండానే పోల్చెదము," అన్నారాయన.

"ఎలాగండీ?" అన్నాను.

"పరిమాణమును బట్టి. ఏది పెద్ద ఫైలు?"

"పాకెట్ మిల్ అండి."

"అయితే అది ఎక్కువ ఇస్తున్నది. అదే ఉత్తమము."

నా ప్రాణం లేచొచ్చింది. ఇంతలో శేషావతారం గారు గొంతు సవరించుకున్నారు.

"పెద్ద ఫైలు అనగా ప్రభుత్వ జాగాను ఎక్కువ ఆక్రమించుచున్నది. ఆడిట్ దృష్ట్యా చిన్నదే ఉత్తమము."

పెద్దదా చిన్నదా అని రెండు సమావేశాలు జరిగాయి. టీలు తాగాం, బజ్జీలు తిన్నాం. పాండురంగం గారు మధ్యేమార్గంగా మధ్యదాన్ని తీసుకుందామన్నారు. ఇద్దరూ కలిసి ఆయన్ని మందలించారు. ఈలోపు వానలు వెనకపట్టాయి. నూకరత్నం ఒకసారి వచ్చి, వరండాలో కూర్చుని, బండి ఎప్పుడు కదుల్తుందో తెలియని ప్రయాణీకురాలిలా మా తలుపు వంక చూసి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. "సార్, చక్రాల కుర్చీని కూర్చోకుండా పరీక్ష చేశామా? దీన్ని కూడా ఆడి తీరాల్సిందే. ఆట అనకండి, తనిఖీ అనండి," అన్నాను. నోరు జారాను. ఆయన కళ్ళు మెరిశాయి. మర్నాటికల్లా సర్క్యులర్ టైపు చేయించి సంతకం పెట్టేశారు. ఉన్నదున్నట్టు చెప్తాను, వినండి:

'క్రియాత్మక తనిఖీ నిమిత్తము ఆటను నడుపుట ఆటగా పరిగణింపబడదు. అయితే తనిఖీ గదిలోని ఏ వ్యక్తికైనను, హోదాతో నిమిత్తము లేకుండా, ఆనందము కలిగినచో సదరు తనిఖీ ఆటగా మారినట్లు భావించి రద్దు చేయబడును. ఆనందించిన వ్యక్తి ఈ విషయములో తదుపరి ఏ చర్యకూ అర్హుడు కాడు.'

ఆటకీ తనిఖీకీ తేడా ఏమిటంటే ఆనందం అన్నమాట. పోనీ, అదీ బాగానే ఉంది. మరి ఆనందం కలిగిందో లేదో ఎవరు చెప్పాలి? శేషావతారం గారిని ముఖపరిశీలకుడిగా వేశారు. ఆడేవాళ్ళకి ఎదురుగా కుర్చీ వేసుకుని మొహం చూస్తూ కూర్చోవడం ఆయన పని. పెదవి కొస కదిలితే 'పెదవి విస్తరణ'. పళ్ళు కనిపిస్తే 'దంతదర్శనం'. శబ్దం వస్తే ఇంక చెప్పక్కర్లేదు. తెర మాత్రం ఆయన చూడకూడదు. "నా పరిధి ముఖము వరకే," అనేవారు.

ఇప్పుడు ఆ ఆట ఎలా ఉంటుందో చెప్పాలి. దండెం మీద ఒక కోడిపెట్ట అటూ ఇటూ తిరుగుతూ గుడ్లు పెడుతుంది. కింద బుట్టని బొటనవేళ్ళతో జరిపి పట్టుకోవాలి. పట్టలేకపోతే ఆ గుడ్డు అరుగు మీద నిద్రపోతున్న ఒక బట్టతల ఆసామి నెత్తిన పగులుతుంది. ఆసామి లేచి, తల తడుముకుని, కోడి వంక చూస్తాడు. కోడి నాకేం తెలుసన్నట్టు ఆకాశం వంక చూస్తుంది. అంతేనండీ ఆట. కానీ ఆ కోడి మొహం చూడాలి మీరు.

మొదటి తనిఖీ పాండురంగం గారిది, పాకెట్ మిల్ మీద. ఆయన బీపీ మాత్ర వేసుకుని, కండువా సర్దుకుని కూర్చున్నారు. నాలుగు గుడ్లు పట్టారు. అయిదోది ఆసామి నెత్తిన పడింది. కోడి ఆకాశం వంక చూసింది. పాండురంగం గారు బుగ్గలు బిగబట్టి, ఎర్రబడి, ముక్కులోంచి ప్రెషర్ కుక్కర్లా ఒక చప్పుడు చేశారు.

"శబ్దసహిత దంతదర్శనం," అన్నారు శేషావతారం గారు. తనిఖీ రద్దు, పాండురంగం గారు అనర్హులు.

తర్వాత బుల్లిబాక్స్ మీద ఇంజనీరింగ్ విభాగం నుంచి ఒకాయన కూర్చున్నారు. దాంట్లో కోడి కొంచెం నెమ్మదిగా తిరుగుతుంది కదా, తల తిప్పడం ఇంకా నింపాదిగా తిప్పింది. ఆయన కుర్చీలోంచి జారిపోయారు. ట్రెజరీ నుంచి ఒక కఠినుణ్ణి పిలిపించాం, బిల్లులు వెనక్కి తిప్పి పంపడంలో పేరున్న మనిషి. మూడో గుడ్డుకి "ఓరి నీ దుంప తెగ!" అని కోడిని ముద్దుగా తిట్టి అనర్హుడయ్యాడు. ఆఖరికి శవపరీక్షల గది నుంచి డెప్యుటేషన్ మీద ఒకాయన్ని రప్పించారు. ఆయన కూర్చుంటూనే కిసుక్కుమన్నాడు. అక్కడ ఏళ్ళ తరబడి ఆపుకున్నదంతా ఇక్కడ తీర్చుకున్నాడు పాపం, వరండాలోకి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చేదాకా ఆగలేదు.

దాంతో నరసరాజు గారు హర్షనియంత్రణ శిక్షణ పెట్టించారు. ఎవరో రిటైర్డు లెక్చరరు వచ్చి, నవ్వొచ్చినప్పుడు రావలసిన డీఏ బకాయిలు తలుచుకోండి అని ఉపాయం చెప్పాడు. తలుచుకున్నారు. బకాయిల మీద కోపంతో గుడ్లన్నీ వదిలేశారు, అన్నీ వెళ్ళి ఆసామి నెత్తిమీదే పడ్డాయి, ఇంకా నవ్వారు.

ఇంక మిగిలింది స్క్వీజ్ మాస్టర్. సువార్త చెప్పిన మూడోది. అది వెడల్పాటి బొమ్మని చిన్న తెరలో ఇరికించడానికి రెండువైపుల నుంచీ నొక్కేసింది. కోడి నిలబెట్టిన అగరొత్తిలా అయిపోయింది. బుట్ట తెరలోంచి బయటికి పోయింది. కొక్కొక్కో రావాల్సిన చోట గ్రైండర్లో రాయి పడ్డ చప్పుడు. ఎడమ మీట నొక్కితే ఏమీ కాదు, కుడి మీట నొక్కితే అస్సలేమీ కాదు. మూడో గుడ్డు దగ్గర మొత్తం బిగుసుకుపోతుంది. దానిమీద ముగ్గురు తనిఖీ చేశారు. ముగ్గురికీ ఆనందం ఛాయ కూడా కలగలేదు. ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

శేషావతారం గారు లేచి నిలబడి, "మూడు తనిఖీలు, మూడూ నిర్దోషం," అని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు, మొహాలు జాగ్రత్తగా పెట్టుకుని.

నివేదిక నేనే టైపు చేశాను. 'పాకెట్ మిల్, బుల్లిబాక్స్ అను సాధనములపై ఒక్క తనిఖీయు పూర్తి కానందున వాటి నాణ్యత నిర్ధారణ కాలేదు. స్క్వీజ్ మాస్టర్ అను సాధనము మాత్రమే అన్ని తనిఖీలలో ఉత్తీర్ణమైనది. కావున అదియే ఉత్తమము.' టైపు చేస్తూ చేస్తూ, ఇందులో తప్పు ఎక్కడుందా అని వెతికాను. ఎక్కడా లేదండీ! ప్రతి వాక్యం నిజమే. అదే నన్ను భయపెట్టింది.

సువార్త వచ్చి గదిలో నిప్పులు కురిపించింది.

"నవ్వే ఆవిడకి మందు సార్! నవ్వుతూ ఆడితేనే నొప్పి తెలియకుండా వేళ్ళు కదుపుతుంది. మీరు నవ్వు రానిదాన్ని ఏరి మరీ ఇస్తున్నారు!"

"అమ్మా, రోగి కోలుకొనుట మా అభిమతమే," అన్నారు నరసరాజు గారు, మర్యాదగానే. "అయితే ప్రభుత్వ ఉపకరణముతో ఆనందించుట వేరు, కోలుకొనుట వేరు. రెండవదానికి మాత్రమే అనుమతి కలదు. నెలనెలా రోగి ఇక్కడికి వచ్చి మా సమక్షములో వాడి చూపవలెను. ఆనందించినట్లు కనబడినచో ఉపకరణము వాపసు తీసుకొనబడును."

నూకరత్నం చిన్న గేము పట్టుకుని వెళ్ళింది. మొదటి నెల తనిఖీకి వచ్చింది. ఆడింది, మూడో గుడ్డు దగ్గర అది బిగుసుకుంది. శేషావతారం గారు ఆమె మొహం చూసి 'నిర్దోషం' అన్నారు. నిర్దోషం కాక ఏమవుతుంది? గచ్చు వంక చూస్తూ ఉంది మనిషి.

బయటికొచ్చాక నా బల్ల దగ్గర ఆగింది. "అమ్మగారండీ, ఏమీ అనుకోకండి. ఇది నాకొద్దండి. పిల్లలు కూడా దీన్ని ముట్టుకోవట్లేదు. లేసు షావుకారు సగం అల్లిన గుడ్డ వెనక్కి అడుగుతున్నాడు. ఇచ్చేస్తాను, ఇంకేం చేస్తాను," అని ఎడంచేత్తో గేము నా ముందు పెట్టింది. కుడిచెయ్యి పవిటలోనే ఉంది. వేసవికి ఇంక ఎన్నాళ్ళో లేదు.

నాకు వచ్చిన కోపం ఎవరి మీదో నాకే తెలీలేదు. నరసరాజు గారి మీదా? ఆయన తన రూలు తను పాటిస్తున్నారు. శేషావతారం గారి మీదా? ఆయనకి చెప్పింది మొహం చూడమని, చూస్తున్నారు. నేను? నేను చక్కగా టైపు చేశాను. థూ, ఏం బతుకులే ఇవి అనిపించింది.

"కూర్చో," అన్నాను. పెన్ డ్రైవు నా సొరుగులోనే ఉంది. సువార్తకి ఫోన్ చేసి, ఎలా ఎక్కించాలో అడిగి, అందరూ టీకి లేచిన టైములో స్క్వీజ్ మాస్టర్ ఆటని పీకేసి పాకెట్ మిల్ ఆటని పెట్టాను. "ఆడి చూడు," అన్నాను.

రెండు గుడ్లు పట్టింది. మూడోది ఆసామి నెత్తిన పడింది. కోడి ఆకాశం చూసింది. నూకరత్నం పవిట నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలో ఊగిపోయింది.

"అయ్యో అయ్యో, ఇది మా ఆసుపత్రి కోడేనండీ!"

"అవును. ఇంటికెళ్ళి కావలసినంత నవ్వుకో. నీ ఇష్టం. కానీ తనిఖీలో మాత్రం పెదవి కదిలిందో, గేము పోతుంది. నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను, నీ చెయ్యి మాత్రం మళ్ళీ రాదు. అర్థమైందా?"

ఆవిడ నవ్వు ఆపేసి నా వంక చూసింది. "లేసు అల్లేటప్పుడు కుట్లు లెక్కపెట్టుకుంటామండి. లెక్క తప్పితే వరస మొత్తం విప్పాలి. లెక్కలో పడితే పక్కన పిడుగు పడ్డా మా మొహం మారదండి," అంది.

"అక్కడా అదే చెయ్యి," అన్నాను.

నెల తిరిగి, తర్వాతి తనిఖీ వచ్చింది. గదిలో నరసరాజు గారు, శేషావతారం గారు, నేను. పాండురంగం గారు అనర్హులు కాబట్టి గుమ్మం అవతల నిలబడ్డారు. సువార్త గోడకానుకుని గోళ్ళు కొరుక్కుంటోంది. నరసరాజు గారు ఏ ఆటా స్వయంగా చూసినవారు కాదు, నివేదికలే చదివారు. శేషావతారం గారు మొహాలే తప్ప తెర చూసినవారు కాదు, ఆట చప్పుళ్ళు కూడా ఆయన పరిధిలోకి రావు. ఆ ఆటని గుర్తుపట్టగలిగింది గదిలో మేం ముగ్గురు ఆడవాళ్ళమూ, గుమ్మం దగ్గర పాండురంగం గారూ మాత్రమే.

నూకరత్నం గేము తెరిచింది. కోడిపెట్ట కొక్కొక్కో అని శుభ్రంగా అరిచింది. పాండురంగం గారు ఉలిక్కిపడి నా వంక చూశారు. ఆయన ఒక్క మాటంటే అయిపోయేది. ఆయన మెల్లిగా కండువా తీసి నోట్లో కుక్కుకున్నారు.

ఆవిడ ఆడుతోంది. ఏమి ఆటండీ అది! పదిహేను, పదహారు అని లోపల్లోపల కుట్లు లెక్కపెట్టుకుంటోంది, పెదవులు కదలకుండా. రెండు బొటనవేళ్ళూ పరుగెడుతున్నాయి, బుట్ట అటు ఉరికి ఇటు ఉరుకుతోంది. మొహం మాత్రం రాతిపలక. శేషావతారం గారు కళ్ళద్దాలు సవరించుకుని ఎదురుగా కూర్చుని చూస్తున్నారు. ఏం దొరకట్లేదు.

"భేష్," అన్నారు నరసరాజు గారు. "మనము ఎంపిక చేసిన సాధనము ఎంత చక్కగా పనిచేయుచున్నదో చూచితిరా?" అని లేచి ఆవిడ వెనక్కి వచ్చి నిలబడ్డారు. తెర వంక వంగారు. కోడి జోరు పెంచింది. ఆయన చెయ్యి కుర్చీ వీపు పట్టుకుంది.

"ఎడమకు... ఎడమకు జరుపవలెను," అన్నారు. "ఆ, ఆ. ఇప్పుడు కుడి. అరె, అటు కాదమ్మా, కుడి, కుడి! అయ్యో, ఎడమ, అబ్బా! పట్టు పట్టు పట్టేయ్!"

ఆయన నోట మామూలు తెలుగు వినడం నాకదే మొదటిసారి. ఆ అరుపులకి నూకరత్నం ఒక గుడ్డు వదిలేసింది. అది తిన్నగా వెళ్ళి బట్టతల మీద పడింది. ఆసామి లేచి, తడుముకుని, పైకి చూశాడు. కోడి నింపాదిగా ఆకాశం వంక చూసింది.

నరసరాజు గారు పకపకా నవ్వారు. నవ్వంటే అలా ఇలా కాదు. పొట్ట పట్టుకుని, బల్ల గుద్ది, "ఓరి దొంగమొహం కోడీ!" అని, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వారు. సువార్త గోడవైపు తిరిగిపోయింది. గుమ్మం దగ్గర కండువా ఎగిరి బయట పడింది. నేను ఫైలు అడ్డం పెట్టుకున్నాను.

నూకరత్నం మాత్రం నవ్వలేదు. కళ్ళు తెరమీద, లెక్క లోపల.

శేషావతారం గారు లేచి నిలబడ్డారు. "సార్," అన్నారు, కాస్త ఇబ్బందిగా. "శబ్దసహిత దంతదర్శనం. తమరిది."

నరసరాజు గారి నవ్వు మధ్యలో తెగింది. "నాకు వర్తించదు కదా?"

"'హోదాతో నిమిత్తము లేకుండా' అని తమరే రాశారు సార్. ఈ తనిఖీ రద్దు. తమరు ఈ విషయంలో తదుపరి ఏ చర్యకూ అర్హులు కారు. అన్నమణి గారు, సువార్త గారు, గుమ్మం దగ్గర పాండురంగం గారు కూడా అంతే." ఆయన నూకరత్నం వంక తిరిగారు. చాలాసేపు చూశారు. "ఈమె ఒక్కర్తే నిర్దోషం."

"మరి ఉపకరణము?" అన్నారు నరసరాజు గారు, చాలా చిన్న గొంతుతో.

"వాపసు తీసుకొను ఉత్తర్వు ఇవ్వవలసినవారు తమరు సార్. తమరు అనర్హులు. కొత్త సంఘం వేయవలసినవారు కూడా తమరే. కావున గేము ఆమె వద్దనే ఉండును. ఎప్పటిదాకా అనగా, రూలు చెప్పుట లేదు."

నూకరత్నం లేచి, వినయంగా గేము ఆయన ముందుకి చాపింది. "చూస్తారేమోనండి ఒక్కసారి," అంది.

శేషావతారం గారు గబుక్కున కళ్ళు మూసుకున్నారు. "వద్దమ్మా," అన్నారు. "పింఛనుకి దగ్గర్లో ఉన్నాను."

ఆవిడని బస్టాపు దాకా నేనూ సువార్తా దిగబెట్టాం. దారి పొడుగునా అదే మొహం. ఆఫీసు గేటు దాటింది, కిళ్ళీ కొట్టు దాటింది, ఇంకా అదే మొహం. నాకు భయమేసింది, బిగుసుకుపోయిందా ఏమిటని.

"ఇంక నవ్వొచ్చు నూకరత్నం," అన్నాను.

"ఉండండి మేడంగారూ, బస్సొచ్చేస్తోంది," అంది. గేము, సంచీ ఎడంచేతిలోకి మార్చుకుంది. బస్సు ఆగీ ఆగకముందే కుడిచేత్తో తలుపు పక్క కమ్మీ గట్టిగా పట్టుకుని, ఒక్క ఊపులో పైకెక్కింది. ఎక్కాక తన చెయ్యి తనే చూసుకుంది. కమ్మీ చుట్టూ నాలుగు వేళ్ళూ, వాటి మీద బొటనవేలు.

అప్పుడు నవ్విందండీ. కండక్టరు విజిల్ వేయడం మర్చిపోయాడు.